భారతదేశంలో శిశు సంరక్షకులు: వయోపరిమితి, అర్హతలు, శిక్షణ

ఆరేళ్లలోపు పిల్లల ఆలనాపాలనా చూసే ఉద్యోగులకు భారతదేశంలో అంతటికీ వర్తించే ఒకే చట్టం గానీ ఒకే లైసెన్సు గానీ లేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మార్గదర్శకాలు, ఫ్యాక్టరీలోని శిశు సంరక్షణ కేంద్రానికి (క్రెష్) కార్మిక చట్టాలు, ప్రైవేటు ప్లేస్కూలుకు బాలల హక్కుల కమిషన్ సూచనలు వర్తిస్తాయి. ఇళ్లలో పిల్లల్ని చూసుకునే ఆయాకు దాదాపు ఏ నిబంధనా లేదు. వీటిలో సంఖ్యలోనూ వ్యాప్తిలోనూ పెద్దది అంగన్‌వాడీ వ్యవస్థ. దేశంలో సుమారు 14 లక్షల కేంద్రాలకు మంజూరు ఉంది. సాధారణంగా ఒక్కో కేంద్రానికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో జనం వీరిని అంగన్‌వాడీ టీచర్, ఆయా అని పిలుస్తారు.

ఈ వ్యవస్థలో నియామక నిబంధనలు అభ్యర్థి వయసును, నివాసాన్ని, కొన్ని రాష్ట్రాల్లో వివాహ స్థితిని కూడా కచ్చితంగా అడుగుతాయి. పిల్లల పెంపకం, బోధనలో శిక్షణను మాత్రం ముందే ఉండి తీరాల్సిన అర్హతగా చూడవు. ఉద్యోగంలో చేరాకే శిక్షణ ఇస్తారు. గత కొన్నేళ్లలో వచ్చిన మార్పులన్నీ ఈ ఏర్పాటును సరిదిద్దే ప్రయత్నాలే.

నేపథ్యం

చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి ప్రత్యేక శిక్షణ అవసరమన్న ఆలోచన మన దేశంలో ప్రభుత్వం కంటే ముందు విద్యావేత్తల నుంచి వచ్చింది. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించారు. ఆయన, తారాబాయి మోదక్ కలిసి 1926లో నూతన బాల శిక్షణ సంఘాన్ని స్థాపించారు. తర్వాతి కాలంలో తారాబాయి, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలోని కోస్బాడ్ ప్రాంతంలో ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల వాకిళ్లలోకి వెళ్లాలన్నది వారి పద్ధతి. అంగన్‌వాడీ ఆలోచనకు మూలాలు అక్కడున్నాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులు నడిపారు.

స్వాతంత్ర్యం తర్వాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దాని తొలి అధ్యక్షురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ మండలి సాయంతో పల్లెల్లో బాల్వాడీలు నడిచాయి. వాటిలో పనిచేసేవారి కోసం భారత శిశు సంక్షేమ మండలి 1961లో బాలసేవిక శిక్షణ మొదలుపెట్టింది. ఆ కోర్సు కాలం 11 నెలలు. శిక్షణ పొందినవారే పిల్లల కేంద్రం నడపాలన్న ఉద్దేశం అందులో ఉంది.

1974లో జాతీయ బాలల విధానం వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, అంటే ఐసీడీఎస్, మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆసుపత్రులకు పంపడం, పోషణ–ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య అన్న ఆరు సేవలను ఒకే కేంద్రంలో అందించాలని నిర్ణయించారు. ఊరూరా కేంద్రం తెరవాలంటే ఏడాది పాటు శిక్షణ పొందినవారు అంత సంఖ్యలో దొరకరు. అందుకని ఆ ఊరి మహిళనే గౌరవ వేతనంపై తీసుకుని, తక్కువ కాలంలో తర్ఫీదు ఇచ్చే పద్ధతి ఎంచుకున్నారు. నేటి అర్హతల స్వరూపమంతా ఆ నిర్ణయం నుంచి వచ్చిందే.

వయోపరిమితి

ఐసీడీఎస్ పాత మార్గదర్శకాల ప్రకారం అంగన్‌వాడీ కార్యకర్త వయసు 18 నుంచి 44 ఏళ్ల మధ్య ఉండాలి. 2022 ఆగస్టు 1న కేంద్రం జారీచేసిన 'సక్షమ్ అంగన్‌వాడీ – పోషణ్ 2.0' మార్గదర్శకాలు నియామక వయసును 18–35 ఏళ్లకు కుదించాయి. సేవాకాలం 65 ఏళ్లతో ముగుస్తుందని చెప్పాయి.

రాష్ట్రాలు తమ నియమాలు తాము పెట్టుకుంటూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో వెలువడే నోటిఫికేషన్లలో సాధారణంగా కనిపించే వయసు 21–35. ఎస్సీ, ఎస్టీ ఆవాసాల్లో 21 ఏళ్లు నిండినవారు దొరకకపోతే 18 నిండినవారి దరఖాస్తునూ పరిశీలిస్తారు. తెలంగాణలోనూ చాలాకాలం 21–35 పద్ధతే నడిచింది.

విరమణ వయసుపైనా రాష్ట్రాల మధ్య తేడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 60 ఏళ్లు ఉండేది. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె సమయంలో జరిగిన చర్చల్లో వేతనంతో పాటు ఇదీ ఒక అంశం. 62కు పెంచడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. తెలంగాణలో 65 ఏళ్ల వరకు పనిచేయవచ్చు.

21వ ఏట చేరిన మహిళ 62 వరకు పనిచేస్తే 41 ఏళ్ల సేవ అవుతుంది. అంత సుదీర్ఘ ఉద్యోగానికి తొలి అర్హత పరీక్ష ఒక్కసారే జరుగుతుంది. ఆ కాలంలో పని స్వరూపం మాత్రం పలుమార్లు మారుతుంది. పిల్లల ఎదుగుదలను అంచనా వేసే ప్రమాణాలు 2008లో మారాయి. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చి రిజిస్టర్ల పని ఫోనులోకి చేరింది. 2024లో కొత్త పాఠ్యప్రణాళికలు వచ్చాయి. అందువల్ల చేరేనాటి వయసు, చదువు కన్నా సర్వీసులో ఎప్పటికప్పుడు అందే శిక్షణకే ఈ ఉద్యోగంలో ఎక్కువ ప్రాధాన్యం ఉండాల్సి వస్తుంది.

విద్యార్హత

మొదట్లో కార్యకర్తకు పదో తరగతి ఉంటే మంచిదని, దొరకని చోట అంతకు తక్కువైనా సరిపెట్టుకోవచ్చని ధోరణి ఉండేది. ముఖ్యంగా గిరిజన ప్రాంతాల్లో పది పాసైన మహిళ ఒక్కరూ లేని గూడేలు ఉండేవి. క్రమంగా పదో తరగతి తప్పనిసరి అయింది. ఆయాకు తెలుగు రాష్ట్రాల్లో ఏడో తరగతి సరిపోయేది. 2022 కేంద్ర మార్గదర్శకాలు కార్యకర్తకు కనీస అర్హతను ఇంటర్మీడియట్‌కు పెంచాయి. ఆంధ్రప్రదేశ్ నోటిఫికేషన్లు ఆ తర్వాత కూడా పదో తరగతినే అడుగుతూ వచ్చాయి. దాంతో పొరుగు రాష్ట్రాల్లో ఒకే ఉద్యోగానికి రెండు రకాల అర్హతలు అమల్లో ఉండే పరిస్థితి ఏర్పడింది.

అర్హత పెంచడంపై భిన్న వాదనలున్నాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు భాష, లెక్కల పునాది వేయాల్సిన వ్యక్తికి ఇంటర్ ఉండాలన్నది ఒక వాదన. మారుమూల తండాలో ఇంటర్ చదివిన స్థానిక మహిళ దొరక్కపోతే పోస్టు ఖాళీగా ఉంటుందన్నది మరో వాదన. పిల్లల మాతృభాష గోండీయో కోయో లంబాడీయో అయిన చోట ఆ భాష వచ్చిన స్థానిక కార్యకర్తకు ఉన్న విలువ సర్టిఫికెట్ చూపించలేదు.

స్థానికత, వివాహం

కార్యకర్త ఆ గ్రామవాసి అయి ఉండాలన్నది పథకం మొదటినుంచీ ఉన్న షరతు. గర్భిణి ఇంటికి వెళ్లి పలకరించడానికి, టీకాకు రాని తల్లిని నచ్చజెప్పి తీసుకురావడానికి, ఏ ఇంట్లో పాప బరువు పెరగడం లేదో తెలుసుకోవడానికి పరిచయం ఉన్న మనిషి కావాలి. పట్టణాల్లో వార్డును స్థానికతకు ప్రమాణంగా తీసుకుంటారు.

ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు దీనికి తోడు 'వివాహిత' అన్న షరతూ పెట్టాయి. పెళ్లికాని అమ్మాయి రేపు అత్తారింటికి వెళ్లిపోతే కేంద్రం మూతపడుతుందన్నది దీని వెనుక తర్కం. రాజస్థాన్‌లో ఇదే షరతు కోర్టుకెక్కింది. పెళ్లికాలేదన్న కారణంతో మహిళకు ఉద్యోగావకాశం నిరాకరించడం రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలకు విరుద్ధమని రాజస్థాన్ హైకోర్టు 2023 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇతర రాష్ట్రాలను నేరుగా కట్టడి చేయకపోయినా ఈ షరతు ఎంతవరకు సబబన్న ప్రశ్నను బలంగా ముందుకు తెచ్చింది.

ఎంపిక విధానం

ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికకు వాడే మార్కుల పట్టిక మొత్తం 100కు ఉంటుంది. పదో తరగతి ఉత్తీర్ణతకు 50 మార్కులు. పూర్వ ప్రాథమిక బోధనలో శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉంటే 5. వితంతువుకు 5, ఆమెకు మైనర్ పిల్లలుంటే మరో 5. అనాథకు, లేదా ప్రభుత్వ సంరక్షణ గృహంలో పెరిగి సత్ప్రవర్తన పత్రం పొందిన మహిళకు 10. అర్హురాలైన దివ్యాంగురాలికి 5. మిగిలిన 20 మౌఖిక పరీక్షకు. మౌఖిక పరీక్ష వేళ తెలుగులో డిక్టేషన్ ఇచ్చి రాయిస్తారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు రోస్టర్ ప్రకారం అమలవుతాయి.

ఈ పట్టిక ఉద్యోగానికి ప్రభుత్వం ఇచ్చే అర్థాన్ని చెబుతుంది. ఆసరా లేని మహిళకు బతుకుదెరువు చూపడం దాని లక్ష్యాల్లో ఒకటి. వితంతువు, అనాథ, దివ్యాంగుల కోసం కేటాయించిన మార్కులు మొత్తం 25. చిన్నపిల్లల బోధనలో శిక్షణకు దక్కేది అందులో అయిదో వంతు. శిక్షణ పొందకుండా దరఖాస్తు చేసిన మహిళ పోగొట్టుకునేది నూటికి అయిదు మార్కులే కాబట్టి, ఈ ఉద్యోగం ఆశించి ముందుగానే కోర్సు చేయాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా కలగదు. రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్ వొకేషనల్ విభాగంలో పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణకు సంబంధించిన కోర్సులు ఉన్నా, అవి అంగన్‌వాడీ ఉద్యోగానికి ప్రధాన దారి కాలేకపోవడానికి ఇదొక కారణం.

ఉద్యోగంలో చేరాక శిక్షణ

ఐసీడీఎస్ శిక్షణకు మూడంచెల నిర్మాణం ఏర్పడింది. పైన 1966లో ఏర్పడిన జాతీయ ప్రజా సహకార, శిశు అభివృద్ధి సంస్థ ఉండేది. అది శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు (సీడీపీఓలకు), శిక్షకులకు తర్ఫీదునిచ్చేది. మధ్యస్థాయి శిక్షణ కేంద్రాలు సూపర్‌వైజర్లను, అంగన్‌వాడీ శిక్షణ కేంద్రాలు కార్యకర్తలను, ఆయాలను తయారుచేసేవి. 1999లో ప్రపంచ బ్యాంకు సాయంతో మొదలైన 'ఉదిశ' కార్యక్రమం ఈ శిక్షణను దేశవ్యాప్తంగా విస్తరించింది.

ఈ ఏర్పాటులో కార్యకర్తకు ఉద్యోగ శిక్షణ 26 పనిదినాలు. ఆయాకు 8 రోజుల పరిచయ శిక్షణ. ఆ తర్వాత ఇద్దరికీ కొన్నేళ్లకోసారి 5 పనిదినాల పునశ్చరణ తరగతులు. బాలసేవిక కోర్సు 11 నెలలతో పోలిస్తే ఇది చాలా చిన్నది. పైగా బాలసేవికకు లేని ఆరోగ్య, పోషణ, గణాంకాల పని ఇందులో ఉంది.

2018 మార్చి 8న మొదలైన పోషణ్ అభియాన్ శిక్షణను ముక్కలుగా అందించే పద్ధతి తెచ్చింది. పాఠాన్ని 21 భాగాలుగా విడగొట్టి, ప్రతినెలా సూపర్‌వైజర్ తన పరిధిలోని కార్యకర్తలతో జరిపే సెక్టార్ మీటింగులో ఒక్కో అంశాన్ని చర్చించాలన్నది ప్రణాళిక. ఆ నెల నేర్చుకున్నది ఆ నెలే కేంద్రంలో చేసి చూడవచ్చన్నది దీనిలోని సౌలభ్యం. అయితే సెక్టార్ మీటింగు రేషన్ సరుకుల లెక్కలు, రిపోర్టులు అప్పజెప్పే వేదిక కూడా. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీగా ఉన్న సెక్టార్లో పాఠం చెప్పాల్సిన మనిషే ఉండరు.

కొలతల పనిలో శిక్షణ అవసరం

పిల్లల ఎత్తు, బరువు తీయడం పైకి సులువైన పనిలా ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలవాలి, రెండు దాటాక నిలబెట్టి ఎత్తు కొలవాలి. పడుకోబెట్టి కొలిచే ఇన్‌ఫాంటోమీటరు అనే బల్లకు తలవైపు ఒక పలక స్థిరంగా ఉంటుంది, కాళ్లవైపు పలక జరుగుతుంది. ఒకరు బిడ్డ తలను స్థిర పలకకు ఆనించి పట్టుకోవాలి. రెండోవారు మోకాళ్లు వంగకుండా నెమ్మదిగా అదిమి, పాదాలు నిటారుగా ఉండేలా జరిగే పలకను దగ్గరికి తెచ్చి అంకె చదవాలి. బిడ్డ ఏడ్చి కాలు ముడుచుకుంటే రెండు సెంటీమీటర్ల తేడా ఇట్టే వస్తుంది. అంత తేడాకే బిడ్డ సాధారణ ఎదుగుదల గడి నుంచి గిడసబారిన గడిలోకి జారవచ్చు, లేదా నిజంగా గిడసబారిన బిడ్డ లెక్కలోకి రాకుండా పోవచ్చు.

బరువు విషయమూ అంతే. కాటా సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి, బిడ్డ ఒంటిమీద బట్టలు వీలైనంత తక్కువ ఉండాలి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్రమైన పోషకాహార లోపం కింద లెక్క. ఆ టేపును బిగించి లాగితే ఒక ఫలితం, వదులుగా పడితే ఇంకొకటి. పొడవు కొలవడానికి రెండో మనిషి ఆయాయే కాబట్టి, వంటకూ ఊడ్పుకూ మాత్రమే అనుకున్న ఆమెకు కూడా ఇందులో సరైన తర్ఫీదు ఉండాలి. ఆయా శిక్షణ రోజులు తక్కువగా ఉండటం ఇక్కడే కొరతగా తేలుతుంది.

జాతీయ విద్యా విధానం తెచ్చిన మార్పు

విద్యాహక్కు చట్టం 2009 ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వర్తిస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల వారికి ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే 11వ సెక్షన్ చెబుతుంది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్లకు ఉన్న డీఎడ్, టెట్ లాంటి తప్పనిసరి అర్హతలు అంగన్‌వాడీ టీచర్‌ను తాకకపోవడానికి ఇదే కారణం. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల్లో ఇంటర్ తర్వాత రెండేళ్ల పూర్వ ప్రాథమిక విద్య డిప్లొమా ఉన్నా, అంగన్‌వాడీకి అది షరతు కాదు.

2020 నాటి జాతీయ విద్యా విధానం ఈ ఖాళీని పూరించాలని చూసింది. ఇంటర్ లేదా ఆపై చదువున్న కార్యకర్తలకు శిశు విద్యలో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదువున్నవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని సూచించింది. పని మానకుండా డీటీహెచ్ చానళ్లు, స్మార్ట్‌ఫోన్ల ద్వారా పాఠాలు వినేలా, నెలకు కనీసం ఒకసారి ముఖాముఖి తరగతి ఉండేలా చూడాలంది.

2023 మే 10న కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' ప్రారంభించింది. సీడీపీఓలు, సూపర్‌వైజర్లు ముందు శిక్షణ పొంది, వారు కార్యకర్తలకు మూడు రోజుల తరగతులు చెబుతారు. 2024 మార్చిలో మూడేళ్లలోపు పిల్లల కోసం 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల వారి కోసం 'ఆధారశిల' విడుదలయ్యాయి. మూడేళ్లలోపు బిడ్డతో ఏం మాట్లాడాలి, ఎలా ఆడించాలి అన్నది కూడా శిక్షణాంశంగా గుర్తించడం వీటిలోని కొత్తదనం. ఇంతకు ముందు ఆ వయసు పిల్లల విషయంలో శ్రద్ధంతా ఆహారం, టీకాల మీదే ఉండేది.

పదోన్నతి

2022 మార్గదర్శకాల ప్రకారం అయిదేళ్ల అనుభవమున్న ఆయాలకు, ఇతర అర్హతలుంటే, కార్యకర్తల ఖాళీల్లో సగం దక్కాలి. అలాగే సూపర్‌వైజర్ ఖాళీల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న కార్యకర్తలకు వెళ్లాలి. ఏడో తరగతితో చేరిన ఆయాకు ఇంటర్ లేకపోతే ఈ దారి మూసుకుపోతుంది. పెరిగిన విద్యార్హత పాతవారి పదోన్నతికి అడ్డం కాకుండా ఉండాలంటే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా చదువు పూర్తిచేసుకోవడమే వారికి మిగిలే మార్గం.

క్రెష్‌లు

ఫ్యాక్టరీల చట్టం 1948లోని 48వ సెక్షన్ మహిళా కార్మికులు నిర్ణీత సంఖ్య దాటిన చోట క్రెష్ ఉండాలని చెప్పింది. మొదట ఆ సంఖ్య 50 ఉండేది, 1976 సవరణతో 30కి తగ్గింది. శిశువుల సంరక్షణలో శిక్షణ పొందిన మహిళల ఆధ్వర్యంలోనే క్రెష్ నడవాలని ఆ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996 కూడా దాదాపు ఇదే మాట వాడింది. ఎన్ని రోజుల శిక్షణ, ఎవరిచ్చినది అన్న వివరం మాత్రం మూల చట్టంలో లేదు. నిర్మాణ స్థలాల్లో ఈ పనిని వృత్తిగా మలచడంలో 1969లో ఢిల్లీలో మీరా మహదేవన్ ప్రారంభించిన మొబైల్ క్రెషెస్ సంస్థ ముందు నడిచింది.

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో జరిగిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్‌ను తప్పనిసరి చేసింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఈ పాత చట్టాల్లోని క్రెష్ నిబంధనలను తమలో కలుపుకున్నాయి. 2022 నుంచి 'పాల్నా' పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపి, దానికి వేరుగా ఒక కార్యకర్తను, ఒక సహాయకురాలిని పెట్టే పద్ధతి మొదలైంది.

ఒక్కరు ఎంతమందిని చూడగలరన్నది అర్హతతో ముడిపడిన ప్రశ్న. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడేళ్లలోపు పిల్లలైతే పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవారైతే ఇరవైమందికి ఒకరు ఉండాలి.

ప్రైవేటు కేంద్రాలు, ఇళ్లలో ఆయాలు

ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ మార్గదర్శకాలు రూపొందించింది. ఇరవైమంది పిల్లలకు ఒక టీచర్, ఒక ఆయా ఉండాలని, సిబ్బందికి పోలీసు తనిఖీ జరగాలని, మూడేళ్లు నిండని వారిని చేర్చుకోకూడదని అవి చెబుతాయి. రాష్ట్రం తనకు తానుగా ఉత్తర్వులిచ్చి అమలు చేస్తే తప్ప వీటికి చట్టబలం ఉండదు.

ఇంట్లో పిల్లల్ని ఎత్తుకుని తిప్పే ఆయా విషయంలో ఉన్న వయోనియమం బాలకార్మిక చట్టం ద్వారా వచ్చేదే. 14 ఏళ్లలోపు వారిని ఇంటిపనికి పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. 2016 సవరణ 14 ఏళ్లలోపు వారిని దాదాపు అన్ని పనుల నుంచీ తప్పించింది. 14 నుంచి 18 మధ్యవారిని ప్రమాదకర పనుల్లోంచి మాత్రమే మినహాయించింది. ఇంట్లో పసిబిడ్డను చూసుకోవడం ఆ ప్రమాదకర పనుల జాబితాలో లేదు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ నోటిఫికేషన్ 21 ఏళ్లు అడుగుతుండగా, పట్నంలోని అపార్టుమెంటులో పదిహేనేళ్ల అమ్మాయి రోజంతా ఏడాది బిడ్డను చూసుకోవడాన్ని ఈ చట్టం నేరుగా అడ్డుకోదు. మైనర్‌ను వెట్టిలో ఉంచినా, ఆమె సంపాదన ఇవ్వకపోయినా బాల న్యాయ చట్టం 2015 కింద నేరమవుతుంది. శిశు సంరక్షకులకు నైపుణ్య శిక్షణ కోర్సులు ఉన్నా, అవి ఇష్టమైతే చేసేవే.

హోదా, వేతనం

శిక్షణ బాధ్యత ఎవరిదన్నది ఉద్యోగ హోదాతో ముడిపడింది. అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ సివిల్ పోస్టుల్లో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. 2022 ఏప్రిల్ 25న మరో తీర్పులో వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆహార భద్రత చట్టం, విద్యాహక్కు చట్టాల కింద వారు చట్టబద్ధ విధులు నిర్వర్తిస్తున్నారని ఆ తీర్పు గుర్తించింది. కేంద్రం 2018 అక్టోబరు నుంచి కార్యకర్తకు నెలకు 4,500, ఆయాకు 2,250 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది. దానికి రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి మొత్తం 11,500, తెలంగాణలో 2021 నుంచి 13,650 రూపాయలు కార్యకర్తకు అందుతూ వచ్చాయి.

విధాన పత్రాలు ఆమెను ఉపాధ్యాయురాలిగా చూడటం మొదలుపెట్టాయి. ఎంపిక పట్టిక, వేతనం ఇంకా ఆమెను గౌరవ కార్యకర్తగానే లెక్కిస్తున్నాయి. కనీస చదువును పదో తరగతి నుంచి ఇంటర్‌కు పెంచడం కొత్తగా చేరేవారికే వర్తిస్తుంది. ఇప్పటికే పనిచేస్తున్న లక్షలాది మందికి ఉపయోగపడేది సర్వీసులో ఇచ్చే ఆరు నెలల సర్టిఫికెట్, ఏడాది డిప్లొమా కోర్సులే. అవి పూర్తిచేసినవారికి వేతనంలోనో పదోన్నతిలోనో తేడా కనిపించేలా రాష్ట్రాలు నియమాలు మార్చడం మీదే ఈ సంస్కరణ ఫలితం ఆధారపడి ఉంది.